పనితనం కీళ్లలో ఉంటుంది

"అన్నా, మా ప్రాజెక్టుకు ఏది వాడమంటావ్? ఎక్లిప్సా, ఇంటెలిజేనా, వీఎస్ కోడా?"

అల్మాస్‌గూడలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఎవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. మీర్‌పేట వైపు టీకేఆర్ కాలేజీ, నాదర్‌గుల్ వైపు ఎంవీఎస్ఆర్ కాలేజీ, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగే ఉద్యోగులు. కోడ్ నేర్చుకునేవాళ్లూ, నేర్పేవాళ్లూ, రాసి బతికేవాళ్లూ పక్కపక్క ఇళ్లలోనే ఉంటారిక్కడ. అడిగిన కుర్రాడికి మాత్రం సాధారణంగా రెండు జవాబులే దొరుకుతాయి. "ఏదైతే ఏముంది, లాజిక్ రావాలి గానీ" అని ఒకటి. "మా కంపెనీలో ఫలానాది వాడతాం, నువ్వూ అదే పెట్టుకో" అని ఇంకొకటి.

సెమిస్టర్ అసైన్‌మెంట్‌కైతే మొదటి జవాబు చాలు. బరువైన ప్రాజెక్టుకు చాలదు. బరువైనదంటే కోడ్ లైన్లు ఎక్కువున్నదని కాదు. ఒకరికి మించి చేతులు పడేది, రాసినవాడు వెళ్లిపోయాక ఇంకొకడు సరిచేయాల్సి వచ్చేది, ఆగిపోతే ఎవరి జీతమో, ఎవరి ఆసుపత్రి రికార్డో ఆగిపోయేది. అలాంటి పనికి ఎడిటర్ ఎన్నుకోవాలంటే దాని రంగులూ షార్ట్‌కట్లూ చూస్తే లాభం లేదు. దాన్ని ఎలా కట్టారో, ఏ భాగాన్ని ఏ భాగం నుంచి ఎందుకు విడదీశారో చూడాలి. ఈ వ్యాసం ప్రధానంగా వీఎస్ కోడ్ పనితనం గురించే. అయితే దాని పక్కన పెట్టి చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. అవి మనకు బాగా తెలిసిన నీలం తెరతోనే మొదలవుతాయి.

నీలం తెర నేర్పిన రుచి

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లలో ఒక తరం మొత్తానికి ప్రోగ్రామింగ్ అంటే టర్బో సీ నీలం తెరే. వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, చివర గెట్ సీహెచ్. కంట్రోల్ ఎఫ్‌9 కొడితే ప్రోగ్రామ్ నడుస్తుంది, ఆల్ట్ ఎఫ్‌5 కొడితే ఫలితం కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ దాని పుట్టుక చూస్తే గౌరవం కలుగుతుంది.

1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటికి ఎడిటర్ ఒక ప్రోగ్రామ్, కంపైలర్ ఇంకో ప్రోగ్రామ్, లింకర్ మరోటి. ఒకదాన్ని మూసి ఇంకొకటి తెరుస్తూ, ఫ్లాపీ తిరుగుతుంటే ఎదురుచూస్తూ కూర్చోవాలి. డెన్మార్క్ ప్రోగ్రామర్ ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ రాసిన కంపైలర్ అన్నిటినీ ఒకే ప్రోగ్రామ్‌లో ఇమిడ్చి, మెమరీలోనే కంపైల్ చేసి, తప్పు దొరకగానే కర్సర్‌ను ఆ చోటికే తీసుకెళ్లి నిలబెట్టింది. మూడో వెర్షన్ నాటికి కూడా ఎడిటర్, కంపైలర్ కలిపి 40 కిలోబైట్లలోపే. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకన్నా పెద్దది. అదే ఒరవడిలో 1987లో టర్బో సీ వచ్చింది, 1990లో టర్బో సీ ప్లస్ ప్లస్ వచ్చింది.

రాయడానికీ తప్పు తెలియడానికీ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే ఆలోచన అంత తెగకుండా సాగుతుందని ఆ తెర లక్షలమందికి రుచి చూపించింది. తర్వాత వచ్చిన ప్రతి పనిముట్టూ ఆ రుచికి బాకీ పడినదే.

అయితే అంతా ఒకే ముద్దగా చేయడంలోనే దాని పరిమితి కూడా ఉంది. కంపైలర్ పాతబడితే ఎడిటర్ కూడా దానితోనే పాతబడుతుంది. సీ ప్లస్ ప్లస్‌కు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. టర్బో అంతకు ముందుది కాబట్టి నేమ్‌స్పేస్ అంటే దానికి తెలియదు. అందులో ఇంట్ అంటే 2 బైట్లు. 32,767కు ఒకటి కలిపితే మైనస్ 32,768 వస్తుంది. 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్ అనే అనుకరణలో పెట్టి నడపాలి. కంపైలర్‌ను మార్చి ఎడిటర్‌ను ఉంచుకునే దారి లేదు. ఒక భాగానికి వయసు మీరితే మొత్తం పారేయాల్సిందే.

ఒకే గొడుగు కింద అన్నీ

2001లో రెండు పెద్ద అడుగులు పడ్డాయి. ఆ ఏడాది జనవరిలో ప్రాగ్ నగరంలోని చిన్న కంపెనీ నుంచి ఇంటెలిజే ఐడియా వచ్చింది. నవంబర్‌లో ఐబీఎం తన ఎక్లిప్స్ కోడ్‌ను ఓపెన్ సోర్స్‌గా వదిలింది. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో నోట్‌ప్యాడ్, ఎడిట్‌ప్లస్‌లతో జావా నేర్చుకున్నవాళ్లకు ఈ రెండూ కొత్త లోకం చూపించాయి.

ఇంటెలిజే పనితనం లోతైనది. ప్రాజెక్టు తెరవగానే అది మొత్తం కోడ్‌నూ చదివి సూచిక తయారు చేసుకుంటుంది. ఏ పేరు ఎక్కడ పుట్టింది, ఎవరెవరు వాడుతున్నారు, ఏ క్లాస్ దేని వారసుడు, అన్నీ దాని జ్ఞాపకంలో ఉంటాయి. అందుకే ఒక మెథడ్ పేరు మార్చమంటే వందల ఫైళ్లలో, అదే పేరున్న వేరే మెథడ్ జోలికి పోకుండా మార్చగలదు. పెద్ద జావా, కాట్లిన్ ప్రాజెక్టుల్లో ఈ నైపుణ్యానికి సాటి రాగలిగేవి ఇప్పటికీ తక్కువే. 2013లో గూగుల్ ఆండ్రాయిడ్ స్టూడియోను ప్రకటించినప్పుడు దాన్ని ఇంటెలిజే పునాది మీదే కట్టింది. 2015 చివరితో ఆండ్రాయిడ్ కోసం ఎక్లిప్స్‌లో వాడే ప్లగిన్‌కు మద్దతు ఆపేసింది. అప్పటికి ఎక్లిప్స్‌లో ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు నడుపుతున్నవాళ్లంతా సామాను సర్దుకోవాల్సి వచ్చింది. పనిముట్టును ఎన్నుకునేటప్పుడే దాన్ని వదిలే రోజు కూడా ఊహించుకోవాలని ఆ మార్పు గట్టిగానే చెప్పింది.

ఎక్లిప్స్‌లో ప్రతిదీ ప్లగిన్. అది గొప్ప ఆలోచన. కానీ ప్లగిన్లన్నీ ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో కలిసి నడిచేవి. ఒక ప్లగిన్ మొండికేస్తే తెర మొత్తం బిగుసుకుపోయేది. కింద స్టేటస్ బార్‌లో శాతం కదలకుండా నిలబడిపోతే చాయ్ తాగి రావడం తప్ప చేయగలిగింది లేదని ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతారు.

అదే చేయి, రెండో ప్రయత్నం

ఇక్కడ కథలో ఆసక్తికరమైన మలుపు ఉంది. ఎక్లిప్స్‌లో జావా పనిముట్లకు నాయకత్వం వహించింది స్విట్జర్లాండ్‌కు చెందిన ఎరిక్ గామా. 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం నలుగురు రచయితల్లో ఆయన ఒకరు. ఆయనే 2011లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, జూరిక్‌లో చిన్న బృందంతో బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్ మొదలుపెట్టారు. దాని పేరు మొనాకో. అందులోంచే వీఎస్ కోడ్ పుట్టింది. 2015 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ నవంబర్‌లో సోర్స్ కోడ్‌ను ఎంఐటీ లైసెన్సు కింద బయటపెట్టారు. 2016 ఏప్రిల్‌లో 1.0 వచ్చింది. దాన్ని రాసిన భాష టైప్‌స్క్రిప్ట్. ఆ భాష రూపకర్త ఎవరో కాదు, టర్బో పాస్కల్ రాసిన హెయిల్స్‌బర్గే. నీలం తెరకు మూలపురుషుడి చేయి ఇందులోనూ ఉందన్నమాట.

అప్పటికి మైక్రోసాఫ్ట్ పగ్గాలు మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతికి వచ్చి ఏడాది దాటింది. ఓపెన్ సోర్స్ అంటే ఒకప్పుడు మండిపడిన కంపెనీ, తన ఎడిటర్‌ను మాక్‌లోనూ లైనక్స్‌లోనూ ఉచితంగా ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కంపెనీ విధానం సంగతి అలా ఉంచి, బృందం చేసిన పని దగ్గరికి వద్దాం.

గామా బృందం ప్లగిన్ల విషయంలో తీసుకున్న నిర్ణయం కఠినమైనది. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఎడిటర్ తెర ఉన్న ప్రాసెస్‌లో నడవవు. వాటికి విడిగా ఇంకో ప్రాసెస్ ఉంటుంది. అక్కడి నుంచి అవి ఎడిటర్‌తో మాట్లాడగలవు గానీ తెరను నేరుగా ముట్టుకోలేవు. ఏదైనా ఎక్స్‌టెన్షన్ అంతులేని లూప్‌లో పడితే సూచనలు రావడం ఆగుతుంది. మీరు టైప్ చేస్తున్న అక్షరం మాత్రం ఆగదు. ఆ ప్రాసెస్ కుప్పకూలినా ఫైల్ మీ ముందే ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. పైగా ఏ ఎక్స్‌టెన్షనైనా తనను ఎప్పుడు నిద్రలేపాలో ముందే రాసివ్వాలి. పైథాన్ ఫైలో, పైథాన్ ప్రాజెక్టో తెరిచేదాకా పైథాన్ ఎక్స్‌టెన్షన్ లేవదు.

దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఎక్లిప్స్‌లోలా ఎడిటర్ రూపాన్ని తిరగరాసే స్వేచ్ఛ ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లకు లేదు. బృందం ఆ స్వేచ్ఛను తెలిసి తెలిసీ కోసేసింది. వాడేవాడి టైపింగ్ ఆగకూడదన్నది మొదటి నియమం, మిగతావన్నీ దాని తర్వాతే. కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆరిపోయినా, సేవ్ చేయని ఫైళ్ల నకలు డిస్క్ మీద ఉండి మళ్లీ తెరిచినప్పుడు ప్రత్యక్షమవడం వెనుకా అదే నియమం. బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్‌తో కాలం గడిపే విద్యార్థికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

భాషకూ ఎడిటర్‌కూ మధ్య కీలు

వీఎస్ కోడ్‌లో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సిన పని కంటికి కనిపించదు. దాని పేరు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్. మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్‌వీ కలిసి 2016 జూన్‌లో దీన్ని ప్రకటించాయి.

సమస్య ఇది. పది ఎడిటర్లు, ఇరవై ప్రోగ్రామింగ్ భాషలు ఉన్నాయనుకోండి. ప్రతి ఎడిటర్‌లో ప్రతి భాషకూ పేరు పూరించడం, తప్పులు చూపించడం, నిర్వచనం దగ్గరికి తీసుకెళ్లడం కావాలంటే 200 ప్లగిన్లు రాయాలి. చిన్న భాషలకు రాసేవాళ్లు ఉండరు. పెద్ద భాషలకు రాసిందే పదిసార్లు రాస్తారు. భాష తెలిసిన ప్రోగ్రామ్‌ను సర్వర్‌గా విడదీసి, ఎడిటర్‌తో ఒకే రకం సందేశాల్లో మాట్లాడేలా చేస్తే 30 ముక్కలతో పని అయిపోతుంది.

ఇంతవరకు ఎవరికైనా తట్టే ఆలోచనే. అసలు నేర్పు ఆ సందేశాల్లో ఏం పెట్టాలో నిర్ణయించడంలో ఉంది. క్లాస్, ఫంక్షన్, టైప్ అంటే ఏమిటో అన్ని భాషలకూ కలిపి ఒక నిర్వచనం చేద్దామని కూర్చుంటే ఆ పని ఎప్పటికీ తెమలదు. జావా క్లాస్, పైథాన్ క్లాస్ ఒకటి కావు. రస్ట్‌లో అసలు క్లాసే లేదు. అందుకని ప్రోటోకాల్ రాసినవాళ్లు ఆ జోలికే పోలేదు. వాళ్లు ఎడిటర్‌కు తెలిసిన విషయాలతోనే సరిపెట్టారు: ఏ ఫైల్, ఎన్నో లైన్, ఎన్నో స్థానం. "ఈ ఫైల్‌లో 41వ లైన్, 12వ స్థానంలో కర్సర్ ఉంది. ఇక్కడున్న పేరు ఎక్కడ పుట్టింది?" అని ఎడిటర్ అడుగుతుంది. "ఫలానా ఫైల్, ఫలానా లైన్" అని సర్వర్ చెబుతుంది. ఆ పేరు క్లాసో, మాక్రోనో, వేరియబులో ఎడిటర్‌కు తెలియాల్సిన పనే లేదు.

నవారు మంచాన్ని చూడండి. కోళ్లకూ పట్టెలకూ మేకు కొట్టరు. కుదురుగా తొలిచిన సందులో పట్టె దిగుతుంది. ఇల్లు మారితే విప్పి పట్టుకెళ్లొచ్చు, ఒక కోడు విరిగితే దాన్నొక్కటే మార్చుకోవచ్చు. ఈ ప్రోటోకాల్ అలాంటి కీలు.

ఆ కీలు ఎంత బాగా అమరిందో తర్వాతి ఏళ్లు చూపించాయి. మైక్రోసాఫ్ట్ తన ఎడిటర్ కోసం కట్టిన దాన్ని పోటీదారులు కూడా అందుకున్నారు. 2021లో నియోవిమ్ 0.5తోనూ, 2023లో ఈమాక్స్ 29తోనూ దీన్ని లోపలే ఇచ్చారు. 1976లో మొదలైన ఈమాక్స్ కుటుంబం, 1991లో వచ్చిన విమ్ కుటుంబం, నిన్న మొన్నటి వీఎస్ కోడ్ ఇవాళ ఒకే సర్వర్‌ను అడిగి ఒకే జవాబు చెప్పగలుగుతున్నాయి.

జావా విషయంలో ఇంకో తమాషా ఉంది. వీఎస్ కోడ్‌లో జావా కోసం ఎక్కువమంది వేసుకునే రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్ లోపల నడిచేది ఎక్లిప్స్ జావా ఇంజినే. "ఎక్లిప్సా, వీఎస్ కోడా" అని తల బద్దలు కొట్టుకుంటున్న ఫైనలియర్ కుర్రాడు ఏది పెట్టుకున్నా జావా తప్పులు పట్టే మెదడు ఒక్కటే. మారేది ఆ మెదడు చుట్టూ ఉన్న తెర, ఎక్స్‌టెన్షన్లు, మెమరీ ఖర్చు. పోటీ అని మనం అనుకున్న చోట నిజానికి ఎంత పంచుకోవడం ఉందో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఒక్కో లైన్‌కు ఒక్కో పెట్టె

ఎడిటర్ చేసే ప్రాథమిక పని అక్షరాలను దాచుకోవడం. మొదట్లో వీఎస్ కోడ్ ప్రతి లైన్‌కూ మెమరీలో ఒక పెట్టె పెట్టుకునేది. మామూలు ఫైళ్లకు అది బాగానే నడిచింది. ఒకసారి 35 మెగాబైట్ల ఫైల్ తెరవబోయిన వాడుకరికి అది తెరుచుకోలేదు. కారణం చూస్తే ఆ ఫైల్‌లో కోటీ 37 లక్షల లైన్లు ఉన్నాయి. ఒక్కో పెట్టెకు 40 నుంచి 60 బైట్లు; పెట్టెలకే దాదాపు 600 మెగాబైట్లు పోయింది. సరుకు కన్నా సంచి బరువు ఇరవై రెట్లు!

2018లో బృందం ఈ పునాదినే మార్చింది. కొత్త పద్ధతికి మూలం పీస్ టేబుల్ అనే పాత ఆలోచన. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో పుట్టిన బ్రావో ఎడిటర్ దీన్ని వాడింది. ఆ దారిలోనే అది మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోకి కూడా వచ్చింది. డిస్క్ నుంచి చదివిన పాఠాన్ని అలాగే ఉంచేస్తారు, అందులో ఒక్క అక్షరం కూడా మార్చరు. కొత్తగా టైప్ చేసిందంతా ఇంకో చోట వరుసగా చేరుతూ పోతుంది. "ఇక్కడి నుంచి ఇక్కడిదాకా పాతది, ఆ తర్వాత ఇంత కొత్తది, మళ్లీ పాతది" అని చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. ఫైల్ అంటే ఆ జాబితాను వరుసగా చదవడమే. పెద్ద ఫైల్ మధ్యలో ఒక అక్షరం చేర్చినా మిగతా పాఠాన్ని కదిలించనక్కర్లేదు.

వీఎస్ కోడ్ బృందం ఆ జాబితాను సమతూకంలో ఉండే చెట్టుగా మార్చి, ప్రతి కొమ్మ దగ్గరా దాని ఎడమ పక్క కింద ఎన్ని లైన్లున్నాయో రాసిపెట్టుకుంది. కోటో లైన్ ఎక్కడుందో తెలియాలంటే కోటి లైన్లూ లెక్కపెట్టక్కర్లేదు, కొమ్మ కొమ్మా దిగితే చాలు. వేగం కోసం ఈ భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లో రాద్దామా అని కూడా వాళ్లు పరిశీలించారు. జావాస్క్రిప్ట్‌కూ సీ ప్లస్ ప్లస్‌కూ మధ్య రాకపోకలకే ఆ లాభం ఖర్చయిపోతుందని తేలి, ఉన్న భాషలోనే ఉండిపోయారు. వేగమైన భాష అని ఎగబడకుండా కొలిచి చూసి ఆగడం మంచి పనివాడి లక్షణం.

తెలుగుతో గీటు పెట్టి చూస్తే

ఏ ఎడిటర్ పనితనమైనా తెలుగుతో పరీక్షిస్తే బయటపడుతుంది. 'నమస్కారం' అన్న మాట తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు: న, మ, స్కా, రం. యూనికోడ్‌లో ఎనిమిది గుర్తులు, ఎందుకంటే పొల్లు, క, దీర్ఘం, సున్న విడివిడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్ 8లో దాచితే 24 బైట్లు. ఒకే మాటకు మూడు పొడవులు. స్కా లాంటి సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకే అక్షరంగా లెక్కించాలన్న నియమం యూనికోడ్‌లో చేరింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అంతవరకూ ప్రమాణం ప్రకారం స్ వేరు, కా వేరు.

ఇది పండితుల పట్టింపు కాదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' ఒక కూర్పులో కనిపిస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ ఆప్‌లు కూలిపోయాయి. దాన్ని సరిచేయడానికి ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీల్లో ఒకటి తడబడిన చోటు మన ఒత్తు దగ్గర.

వీఎస్ కోడ్ ఈ పరీక్షలో చాలావరకు నెగ్గుతుంది. అందుకు మొదటి కారణం, అది నిలబడిన ఎలక్ట్రాన్ అనే పునాది, అందరూ తిట్టేదే. వీఎస్ కోడ్ లోపల క్రోమియం బ్రౌజర్ ఉంది. అక్షరాలు పేర్చే పని బ్రౌజర్‌దే కాబట్టి ఒత్తులు, గుణింతాలు వెబ్ పేజీలో ఎంత సవ్యంగా కనిపిస్తాయో ఇక్కడా అంతే. రెండో కారణం లోపలి శ్రద్ధ. ఇంగ్లిష్ అక్షరాలే ఉన్న లైన్‌లో కర్సర్ ఎక్కడ పెట్టాలో లెక్క తేలిక. ఒక అక్షరం వెడల్పును స్థానంతో గుణిస్తే చాలు. వేరే లిపి కనబడగానే ఎడిటర్ ఆ అడ్డదారి వదిలేసి, తెర మీద పడిన అక్షరాన్ని బ్రౌజర్‌తో కొలిపించి కర్సర్ నిలుపుతుంది. వేగం కావాల్సిన చోట వేగం, ఖచ్చితత్వం కావాల్సిన చోట ఖచ్చితత్వం.

మూడోది ఇంకా సూక్ష్మమైనది. ఒక మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మాట మొత్తం ఎంపిక కావాలి. మాట అంటే ఏమిటి? 'ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలు' అని నిర్వచిస్తే తెలుగు మాట ముక్కలవుతుంది. పైథాన్‌లో మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో మాటలు వెతికినవాళ్లకు ఈ బాధ తెలుసు. గుణింతం గుర్తు రాగానే మాట తెగిపోతుంది. వీఎస్ కోడ్ తిరగేసి ఆలోచించింది. మాటను విడదీసే గుర్తుల జాబితా ఒకటి పెట్టుకుంది: ఖాళీ, చుక్క, కామా, బ్రాకెట్లు వగైరా. అవి కానిదంతా మాటే. ప్రపంచంలోని లిపులన్నీ తెలియకపోయినా తెలుగు మాట విరగదు.

లోటు లేకపోలేదు. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ లైన్‌లో స్థానాన్ని యూటీఎఫ్ 16 లెక్కన కొలుస్తుంది. సర్వర్ లోపల యూటీఎఫ్ 8 బైట్లతో పనిచేస్తూ మార్పిడి మరిచిపోతే, లైన్‌లో ముందు 'నమస్కారం' ఉన్నప్పుడు ఆ తర్వాతి తప్పు గుర్తు 16 స్థానాలు పక్కకు జరిగి పడుతుంది. 2022లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి ఎడిటర్, సర్వర్ ఏ లెక్క వాడాలో ముందే మాట్లాడుకునే వీలు కల్పించారు. ఎడిటర్ కిందనుండే టెర్మినల్‌లో మాత్రం తెలుగు ఇంకా ఇరుకున పడుతుంది. సమానమైన గళ్లలో అక్షరాలు పేర్చే ఆ పాత పద్ధతికి మన లిపి వంపులు లొంగవు.

మచ్చలూ చెప్పాలి

మెచ్చుకున్నంత మాత్రాన మచ్చలు దాచకూడదు. ఒక బ్రౌజర్‌ను మోసుకు తిరిగే ఎడిటర్‌కు మెమరీ ఆకలి ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న 4 జీబీ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో వీఎస్ కోడ్, క్రోమ్, డేటాబేస్ మూడూ తెరిస్తే మూడూ నీరసపడతాయి.

లైసెన్సు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. సోర్స్ కోడ్ ఎంఐటీ లైసెన్సులో ఉంది గానీ, మనం డౌన్‌లోడ్ చేసుకునే మైక్రోసాఫ్ట్ ప్రతికి వేరే లైసెన్సు ఉంది. వాడకం సమాచారం పంపే టెలిమెట్రీ అందులో ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ బజారును దాని సొంత ఉత్పత్తులకే పరిమితం చేశారు. పైథాన్‌కు వాడే పైలాన్స్, సీ ప్లస్ ప్లస్ వంటి ముఖ్యమైన ఎక్స్‌టెన్షన్ల షరతులూ అంతే. అదే సోర్స్ నుంచి కట్టిన వీఎస్ కోడియం, కర్సర్ లాంటి ఎడిటర్లు ఆ బజారును వాడటానికి షరతులు ఒప్పుకోవు. వాటికి ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ లాంటి వేరే చోటు కావాలి. ఏఐ పేరుతో వచ్చే కొత్త ఎడిటర్ల మధ్య ఎన్నుకునేవాళ్లు ముందు ఈ విషయం చూసుకోవాలి.

ఎక్స్‌టెన్షన్‌ను వేరే ప్రాసెస్‌లో పెట్టారు కదా, భద్రమే అనుకోవడమూ పొరపాటే. అది మీ టైపింగ్‌ను ఆపలేదు గానీ, మీకు అందుబాటులో ఉన్న ఫైళ్లన్నీ చదవగలదు. ఊరూ పేరూ తెలియని ఎక్స్‌టెన్షన్‌ను ఆసుపత్రి డేటా ఉన్న మెషీన్‌లో వేయడం పనితనం లోపం కాదు, మన నిర్లక్ష్యం.

ఆటమ్ కథ మరవకూడదు. గిట్‌హబ్ కట్టిన ఆటమ్ ఎడిటర్ 2014లో వచ్చింది. వీఎస్ కోడ్ నిలబడిన ఎలక్ట్రాన్ కూడా ఆటమ్ కోసం తయారైనదే. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. 2022 డిసెంబర్ 15న ఆటమ్‌ను మూసేశారు. పోటీదారుకు పునాది అందించిన ఎడిటరే అలా వెళ్లిపోయింది.

మరి ఏది?

2024 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో జవాబిచ్చినవాళ్లలో నూటికి 73 మందికి పైగా వీఎస్ కోడ్ వాడుతున్నామన్నారు. ఆ అంకె చూసి ఎన్నుకోకండి. మీ పని చూసి ఎన్నుకోండి.

పెద్ద జావా, స్ప్రింగ్, కాట్లిన్ ప్రాజెక్టు, 16 జీబీ మెమరీ ఉన్న మెషీన్: ఇంటెలిజే. ఆండ్రాయిడ్ ఆప్: ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో చర్చ అనవసరం. జావాస్క్రిప్ట్, పైథాన్, గో కలిసి ఉండే ప్రాజెక్టు, రకరకాల మెషీన్లున్న బృందం, దూరంగా ఉన్న సర్వర్‌లో కోడ్: వీఎస్ కోడ్. సర్వర్ల మీదే రోజంతా గడిపేవాళ్లకు విమ్ నేర్చుకోవడం వృథా పోదు. టర్బో సీ ల్యాబ్ పరీక్షకు మాత్రమే.

ఏది ఎన్నుకున్నా ఒక పని తప్పనిసరిగా చేయండి. ఎడిటర్ ఏదీ తెరవకుండా, టెర్మినల్‌లో ఒక్క ఆదేశంతో మీ ప్రాజెక్టు మొత్తం బిల్డ్ అయి టెస్టులు నడవాలి. ఫార్మాటింగ్ నియమాలు ఎడిటర్ సెట్టింగ్స్‌లో కాకుండా ప్రాజెక్టు ఫోల్డర్‌లో, గిట్ చరిత్రలో ఉండాలి. మొదటి వారంలోనే ఇది చేయగలిగితే బృందంలో ఒకరు ఇంటెలిజే, ఇంకొకరు వీఎస్ కోడ్ వాడినా ఇబ్బంది లేదు. రేపు ఏ ఎడిటర్ మూతపడినా మీ ప్రాజెక్టు నిలబడుతుంది. చేయలేకపోతే మాత్రం మీరు ఇంకా పనిముట్టును ఎన్నుకోలేదు, అదే మిమ్మల్ని పట్టుకుంది.